గులాబి సున్నం

నా పేరు గుల్వెన్. ముప్పై ఒక్క ఏళ్లు
ఈ అఖాతం అడుగు తోడాను.
మేర్ల్ అంటాం మా బ్రెతాన్ భాషలో.
ఇసుకే అనుకునేవాళ్లం.
ఇసుకకి ఆ రంగేమిటని
ఎవరూ నన్నడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

బకెట్టు పైకొచ్చేటప్పుడు గులాబి,
రేవు చేరేసరికి ఊదా,
లారీకెత్తాక కొన్నాళ్లకి ఎముక.
నా కంటికది పొద్దు వాలడం.
చావని తోచలేదు.

ఇక్కడి నేల పులుపు.
రైతుకి సున్నం కావాలి, సున్నం సముద్రంలో ఉంది,
మధ్యన నా పడవ ఉంది. అంతే లెక్క.
ఆర్టిచోకులు పిడికిళ్లంత కాసేవి.
రేకు రేకూ వెన్నలో ముంచుకు తిన్నాం.

మొన్న ఏప్రిల్లో ఒక పిల్ల వచ్చింది, ఎనోరా.
ఆరని జుట్టు, మోకాళ్ల దాకా బూట్లు.
నా కాఫీ గిన్నె పక్కన ఒక కొమ్మ పెట్టింది,
అల్లం కొమ్ములా ఉంది, పసిపాప వేలంత.
"ఇది ప్రాణి, కెప్టెన్. నాచు జాతి.
రాయిలా కూర్చుని ఆకులా వెలుగు తింటుంది.
ఏడాదికి పెరిగేది ఇంత"
అని గోటి చివర తెల్ల గీత చూపించింది.

నాకు తొమ్మిది రోజుల గోరు
దానికి ఒక సంవత్సరం.
నెలకోసారి కత్తిరించి ఊడ్చేసే తునక
దానికి మూడు చలికాలాలు.

లెక్కలు నాకు బాగా వచ్చు.
రోజుకెన్ని బకెట్లు, బకెట్టుకెన్ని కొమ్మలు...
శతాబ్దాలు ఎనిమిది దాటాక ఆపేశాను.

"ఆ సందుల్లో ఏముంటాయో తెలుసా?" అంది.
తెలియకేం. చిటికెన గోరంత గుల్ల పిల్లలు
పోగులతో పట్టుకు వేలాడేవి.
పీతలు, నక్షత్రాలు,
ఎవరూ పేరు పెట్టని ఎర్ర పురుగొకటి.
దాన్ని మా డెక్కు కుర్రాడు తంగీ
వాళ్ల అత్తగారి పేరుతో పిలిచేవాడు.
అన్నిటినీ గొట్టం పెట్టి కడిగేసేవాళ్లం.
రైతుకి శుభ్రమైన సరుకు కావాలి కదా.

ఆమెకి కావలసింది నా నోటుపుస్తకం.
చర్చి శిఖరం నీళ్ల ట్యాంకు మీద కూర్చున్న చోట
దక్షిణానికి తిరుగు,
తెల్ల మేడ కిటికీ పైన్ చెట్టు వెనక దాగాక దించు.
ఎక్కడ తోడామో తెలిస్తే
ఎక్కడ తోడలేదో తెలుస్తుందట.
మిగిలిన చెక్క మీద ఇక లంగరు కూడా వేయనివ్వరట.

నాకు కూడు పెట్టిన పుస్తకం, ఇవ్వనన్నాను.
వెళ్లిపోయింది, కొమ్మ మరిచిపోయి.
మరిచిందో, వదిలిందో.

ఆ వారం పెరట్లో తవ్వుతుంటే పార ఖంగుమంది.
తెల్లగా, ఇంకా కొమ్మలాగే,
ఇన్నేళ్ల వానలకీ కరగకుండా.
వంగితే ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి.
మోకాళ్ల మీద పాకుతూ ఏరాను.
చీకటి పడేసరికి జామ్ సీసా నిండింది.

ఫోన్ చేశాను. "తిరిగి వేసేస్తే?"
అటు చాలాసేపు గాలి చప్పుడు.
"పెరగవు కెప్టెన్. ఒక్క సీసాతో ఏమీ కాదు కూడా.
కానీ సందు సందే.
గోడ బతికుందా అని గుల్ల పిల్ల అడగదు."

పుస్తకం ఇచ్చాను, డీజిల్ వాసనతో సహా.
ఒక్క పేజీ చింపుకున్నాను.
మిగతా పడవలకి తెలియకుండా
ముసలితనానికని దాచుకున్న చోటది.
ఇన్నేళ్లూ దాన్ని కాపాడింది
నా మంచితనం కాదు, దురాశ.

మూడు రాత్రులు ఆ కాగితం దిండు కింద నలిగింది.
నాలుగో పొద్దున పడవ నేనే నడిపాను.
శిఖరం, ట్యాంకు, కిటికీ, పైన్.
ఇంజను ఆపాను. లంగరు జోలికి పోలేదు,
అల ఎటు తోస్తే అటు తెడ్డుతో సర్దుకుంటూ ఉన్నాను.
ఎనోరా దిగింది. బుడగలు.
ఆ సీసా మూత తీసి వంపాను.

అరగంటకి తల తేలింది.
మాస్కు తీయకుండానే
రెండు చేతులూ ఎత్తి చూపించింది.
ఖాళీ.

నేను చూస్తుండగా ఆ అడుగు నుంచి
ఏమీ లేకుండా పైకొచ్చిన చేతులు
అవే మొదలు.